2,620 బ్రాంచీల పబ్బు

లండన్‌లో ఉండే మా బావమరిదికి ఒక అలవాటుంది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా అక్కడి సంగతులు చెప్పి మమ్మల్ని బాగుచేయాలని చూస్తాడు. 2025 దసరాకి వచ్చినప్పుడు పబ్బుల పాఠం ఎత్తుకున్నాడు.

"బావా, మాకక్కడ వెదర్‌స్పూన్ అని ఒక చెయిన్ పబ్ ఉంది. 1979లో లండన్‌లో ఒక్క పబ్బుతో మొదలై ఇవాళ ఎనిమిది వందల దాకా అయ్యాయి. చాలావాటిల్లో పాటలు పెట్టరు, హాయిగా మాట్లాడుకోవచ్చు. పబ్బుకి ఆ ఊరి చరిత్రలోంచే పేరు పెడతారు. కింద కార్పెట్ కూడా ఏ పబ్బుది ఆ పబ్బుకే ప్రత్యేకంగా నేయిస్తారు. అసలు బీరు కన్నా అక్కడి అట్మాస్ఫియర్ కోసం వెళ్ళాలి."

ఎనిమిది వందలు. పాపం అనిపించింది. మా చెయిన్‌కి ఒక్క తెలంగాణలోనే 2,620 బ్రాంచీలున్నాయి. లైసెన్సు ఎవరి పేరున ఉన్నా యాజమాన్యం మాత్రం ఒకటే. సరుకు పంపేది సర్కారు డిపో, రేటు ఖాయం చేసేది సర్కారు, తెరిచే టైమూ మూసే టైమూ చెప్పేది సర్కారు. తాగి బండెక్కితే సందు చివర గొట్టం పట్టుకుని ఊదమనేదీ సర్కారే. కస్టమర్‌ని ఇంటిదాకా ఇంత శ్రద్ధగా వెంటాడే సంస్థ ఇంగ్లండులో ఉందేమో నాకు తెలియదు.

ఈ చెయిన్ పేరు వైన్స్. అందులో వైన్ అడిగినవాణ్ణి ఇంతవరకూ నేను చూడలేదు. కొన్నది అక్కడే నిలబడి తాగడానికి పక్కనే ఉండే రేకుల షెడ్డు పర్మిట్ రూమ్. ఇక చరిత్ర అంటారా, మావాళ్ళు చరిత్ర దగ్గర ఆగలేదు, నేరుగా పురాణాల్లోకి వెళ్ళిపోయారు. దుర్గా వైన్స్, వెంకటేశ్వర వైన్స్, సాయి వైన్స్. సాయంత్రం "ఎక్కడికి బయల్దేరావ్?" అని ఇంట్లో అడిగితే దేవుడి పేరు చెప్పి అబద్ధమాడకుండా బయటపడవచ్చు.

సరే, చూపిస్తాను రమ్మన్నాను. అక్టోబర్ 1 సాయంత్రం. ఆ తేదీకో విశేషముంది. ఆ ఏడాది దసరా వచ్చి వచ్చి గాంధీ జయంతి నాడే పడింది. పండగేమో ముక్క, చుక్క లేకుండా గడవనిది. జయంతేమో డ్రై డే. మహాత్ముడి మీద ఉన్న గౌరవంతో రాష్ట్రమంతా ఒకరోజు ముందే తాగడానికి సిద్ధపడింది. మా సందులోని బ్రాంచి ముందు క్యూ మందుల షాపు దాటి, కిరాణా కొట్టు దాటి, ట్యూషన్ సెంటర్ మెట్లదాకా పాకింది. నన్నెన్నడూ పలకరించని పై ఫ్లోర్ ఆయన ఆ క్యూలో "బాగున్నారా సార్" అన్నాడు. అట్మాస్ఫియర్ అంటే ఏమిటో మా బావమరిదికి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

కౌంటరుకి ఇనప గ్రిల్లు ఉంటుంది. గ్రిల్లుకి ఒక కిటికీ. అందులో ఒకేసారి ఆరు చేతులు దూరి ఉంటాయి. ఏ చెయ్యి ఎవరిదో లోపలి కుర్రాడు ముఖం చూడకుండానే చెబుతాడు. వేళ్ళ భాష మీదే వ్యాపారమంతా. రెండు వేళ్ళు నిలువుగా పెడితే ఒక అర్థం, బొటనవేలూ చూపుడువేలూ దూరం చేసి చూపిస్తే క్వార్టర్. లండన్‌లో టేబుల్ దగ్గర కూర్చుని ఫోన్‌లో యాప్ నొక్కితే బీరు వస్తుందట. ఇక్కడ యాప్ అక్కర్లేదు, మోచెయ్యి గట్టిదైతే చాలు.

మా వాడి వంతు వచ్చింది. "క్రాఫ్ట్ బీర్స్‌లో ఏమేమున్నాయి?" అని అడిగాడు.

గ్రిల్లు అవతల ఒక క్షణం నిశ్శబ్దం. "లైటా, స్ట్రాంగా?"

"కాదు, ఫ్లేవర్ ఎలా ఉంటుంది..."

"అన్నా, మస్తు మంది ఉన్నరు ఎనక. లైటా, స్ట్రాంగా?"

స్ట్రాంగ్ అన్నాడు. కూలింగ్ లేదన్నారు. బ్రాండు అడిగాడు. ఉన్నదిచ్చారు. మనిషి మనశ్శాంతికి అడ్డం ఎంపికేనని వేదాంతులు ఎప్పటినుంచో చెబుతున్నారు, ఆ ముక్కను ఆచరణలో పెట్టింది మాత్రం మా చెయిన్. అదే ఏడాది జనవరిలో దేశంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ రేటు గిట్టుబాటు కావడంలేదని రాష్ట్రానికి సరఫరా ఆపేస్తే, ఫిబ్రవరిలో ధరలు 15 శాతం పెరిగాయి. ఒక్క ధర్నా జరిగినట్టు నేను వినలేదు. బస్సు చార్జీ రూపాయి పెరిగితే రోడ్డెక్కే జాతి, చిల్లర వెతుక్కుని గ్రిల్లులో చెయ్యి పెట్టింది. ఇంతటి బుద్ధిమంతులైన పన్ను చెల్లింపుదారులకు కూర్చోడానికి కుర్చీ వెయ్యలేదని నేననను. కుర్చీ వేస్తే గౌరవం పెరిగి లేవరు.

లోపల ఒక ట్యూబ్‌లైట్, కొట్టుకుంటున్న ఇంకో ట్యూబ్‌లైట్. గోడ మీద రెండే రెండు బోర్డులు. ఒకటి 21 ఏళ్ళ లోపు వారికి మద్యం అమ్మబడదని. రెండోది 'అప్పు రేపు'. మొదటిదాన్ని చదివినవాళ్ళు లేరు, రెండోదాన్ని నమ్మనివాళ్ళు లేరు. ఇక కార్పెట్. మా బ్రాంచిలో దాన్ని రోజూ కొత్తగా నేస్తారు. పల్లీ పొట్టు పడుగు, గుడ్డు పెంకులు పేక, అక్కడక్కడా వాటర్ ప్యాకెట్ల జరీ. మా వాడు తెల్ల బూట్లతో వచ్చాడు.

గుమ్మం పక్కన ఒక అవ్వ ఉడకబెట్టిన గుడ్లు అమ్ముతుంది. ఆమె గుడ్డు కోసే తీరు చూసి తీరాలి. ఎడమ అరచేతిలో గుడ్డు, కుడి చేతిలో దారం. దారం ఒక చుట్టు తిరిగి బిగుసుకునేసరికి గుడ్డు రెండు చెక్కలు. లోపల పచ్చసొన మీద ఉప్పూ కారం చిటికెడు, ఉల్లిపాయ ముక్కలు నాలుగు, నిమ్మకాయ ఒక పిండు. కాగితం మీద పెట్టి ఇస్తుంది. ఈ మధ్యలో నోట్లు లెక్కపెట్టడం, కుక్కను అదిలించడం, ఫోన్‌లో కోడలిని తిట్టడం కూడా అయిపోతాయి. జూబ్లీహిల్స్‌లో ఒకసారి ఇలాంటి గుడ్డుకే ఐదొందలు కట్టాను. అక్కడ చేతికి పట్టీ కట్టారు, జంటగా రానందుకు గంటసేపు బయట నిలబెట్టారు, లోపలికెళ్ళాక ఆ మోతలో పక్కవాడు చెప్పింది ఇప్పటికీ నాకు తెలియదు. పర్మిట్ రూములో పక్కవాడు చెప్పింది వినపడకపోవడమంటూ ఉండదు. మూడోవాడు చెప్పిందీ వినపడుతుంది. వాడి బావమరిది సంగతి కూడా.

మా వాడిని నిజంగా కదిలించింది వేరే. తాపీ పని చేసి వచ్చిన ఒకాయన, మోచేతుల దాకా సిమెంటు, మా దగ్గరికొచ్చి "సగం సగం వేసుకుని ఆఫ్ బాటిల్ కొందామా అన్నా?" అన్నాడు. మేం బీరు మనుషులమని చెబితే నొచ్చుకోకుండా, టై వదులు చేసుకుంటున్న ఒక బ్యాంకు మనిషి దగ్గరికి వెళ్ళాడు. ఆయన ఒక్కసారి ఎగాదిగా చూసి, తల ఊపి, డబ్బు తీశాడు. రెండు ప్లాస్టిక్ గ్లాసులు పక్కపక్కన పెట్టి, వంగి, కంటిని గ్లాసు మట్టానికి తెచ్చి పోశారు. బంగారం కొట్టులో కూడా అంత కచ్చితమైన తూకం నేను చూడలేదు. పేర్లు అడుక్కోలేదు. ఐదు నిమిషాల్లో ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

"వాష్‌రూమ్ ఎక్కడ బావా?" అన్నాడు మా వాడు. వెనక్కి చూపించాను. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు. గోడ పొడవునా దేవుళ్ళ టైల్స్ అంటించి ఉన్నాయట, అన్ని మతాలవీ. పక్క గోడకు టైల్స్ ఉండవని వాడికి తెలియదు, లండన్‌లో పెరిగిన పిల్లాడిలా అయిపోయాడు. తర్వాత బిల్లు అడిగాడు. కౌంటరు కుర్రాడు మొదటిసారి తలెత్తి వాడి ముఖం చూశాడు.

వాడు విమానమెక్కాక అదే నెలలో కొత్త లైసెన్సులకు లాటరీ తీశారు. అప్లికేషన్‌కి 3 లక్షలు, తగిలినా తగలకపోయినా వెనక్కి రావు. 2,620 షాపులకి 95 వేల పైచిలుకు అప్లికేషన్లు వచ్చాయి. సర్కారుకి 2,850 కోట్లు దాటింది. ఒక్క సీసా మూత తియ్యకుండానే. మూడు లక్షలు పెట్టినా చుక్క కూడా ముట్టని అప్లికేషన్లు తొంభై వేలకు పైగా తేలాయి, మద్య నియంత్రణలో ఇంతకన్నా పెద్ద విజయం ఉంటుందా?

ఆ తొంభై వేలలో నాదీ మూడో వంతు అప్లికేషన్ ఉంది. ఇద్దరు మిత్రులతో కలిసి తలా ఒక లక్ష వేశాం. చెయిన్‌లో భాగస్వామినవుతున్నాను కదా అని షెడ్డులో కుర్చీలు ఎటువైపు వెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. లాటరీ అయిన సాయంత్రం ముగ్గురం పర్మిట్ రూముకే వెళ్ళి నిలబడ్డాం. అవ్వకు మా సంగతి అప్పటికే తెలుసు.

"అచ్చిందా సారూ?"

రాలేదన్నాను. మూడు గుడ్లు కొయ్యమన్నాను, డబ్బులు తర్వాత ఇస్తానన్నాను. అవ్వ దారం పక్కన పెట్టి గోడ మీది రెండో బోర్డు చూపించింది.