ఇత్తడి చెంబు గారికి బహిరంగ లేఖ

పెరటి గట్టు మీది చెంబు గారికి,

శ్రీకాకుళం నుంచి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం, పళ్లు తప్ప.

కోడి కూయక ముందే మా వీధిలో, బ్రష్ చేసిన నోళ్లని నీళ్లతో పుక్కిలించే మీ కచేరీ మొదలవుతుంది. ఒకింట్లో గరగర, పక్కింట్లో కాండ్రింపు, ఎదురింట్లో నాలిక బద్ద. పేస్టుకి డబ్బులు పోసేది మేము, దాన్ని కాలవకి ధారపోసేది మీరు. ఊళ్లో ఎనామెల్ అనే పంటి పైపొర గట్టిపడిందంటూ ఉంటే అది మున్సిపల్ కాలవదే అయ్యుండాలి.

మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఎనామెల్ అంటే కాల్షియం, ఫాస్ఫేట్‌ల కట్టడం. మనం తిన్న తీపిని నోట్లో బ్యాక్టీరియా కూడా తిని, ఆమ్లం వదులుతుంది. పులుపుని కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 5.5 కన్నా దిగితే ఆ కట్టడం కరుగుతుంది. తర్వాత లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన సరుకును కొంత మళ్లీ పంటికి చేరుస్తుంది. సరిగ్గా అప్పుడు అక్కడ పేస్టులోని ఫ్లోరైడ్ కాస్త ఉంటే, కొత్తగా కట్టుకునే పొర మహా మొండిది. పీహెచ్ సుమారు 4.5 దాకా దిగితే గానీ లొంగదు. పాపం, ఫ్లోరైడ్ పంటిని అంటిపెట్టుకుని చేసే పని అది. మీరేమో వడ్డన పూర్తి కాకముందే విస్తరి లాగేస్తారు!

మొన్న మా గుంటడు నురగ ఉమ్మేసి, నోరు పుక్కిలించకుండా ఊరుకున్నాడు. "ఏట్రా, నోరు కడుక్కోవేటి? ఆ మూతితో ఇంట్లోకొచ్చేస్తావేటి?" అని మా అమ్మ మిమ్మల్ని తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "ఫ్లోరైడా? నల్గొండ సంగతి విన్లేదేటి?" అని మా నాన్న అందుకున్నారు. నల్గొండ బాధ వేరండీ. అక్కడ భూగర్భజలాల్లో మోతాదు మించిన ఫ్లోరైడ్‌ని జనం ఏళ్ల తరబడి తాగారు. పేస్టు ఉమ్మేసేది. మింగేస్తారనే కదా మరీ చిన్నపిల్లలకి బియ్యపుగింజంత చాలంటారు! టీవీలో బ్రష్షు పొడవునా పరిచేది ట్యూబు తొందరగా అయిపోవడానికి. నేను ఇదంతా చెప్పేలోపు మీరు వాడి నోట్లో మూడో విడత కూడా ముగించారు.

పోనీ, కావలసినప్పుడైనా కనిపిస్తారా? ఏడు రోడ్ల జంక్షన్‌లో గోలీ సోడాలో నిమ్మకాయ పిండించుకుని తాగుతాం. అప్పటికి ఎనామెల్ మెత్తబడి ఉంటుంది, వెంటనే బ్రష్ పెడితే అరుగుతుంది. ఓ అరగంటైనా ఆగాలి. ఈలోగా ఉత్త నీళ్లతో పుక్కిలిస్తే ఎంతో మేలు. అప్పుడు మాత్రం తమరు పెరట్లో బోర్లా పడుకుని ఉంటారు.

ఉద్యోగం మానెయ్యమనడం లేదు, డ్యూటీ మార్చుకోండి. తీపి తిన్నాక రండి, సోడా తాగాక రండి. బ్రష్ చేసిన వెంటనే మాత్రం రాకండి. ముఖ్యంగా రాత్రి. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్లకి ఆ మిగిలిన పేస్టే దిక్కు.

జీతంలో కోత ఉండదు. ఎప్పట్లాగే చింతపండు పెట్టి తోమిస్తాం. పులుపుతో మెరుపొచ్చే జాతి మీది, మాది కాదు.

ఇట్లు,
కింది దవడ తరఫున,
ఓ శ్రీకాకుళం వాసి