పాత ఊరి ప్రణాళిక మారుస్తున్నప్పుడు డబ్బు లెక్క కూడా చెప్పాలి

రాజమహేంద్రవరం మెయిన్ రోడ్డులోని పాత కొట్లు ముందు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి. కింద వ్యాపారం, పైన గోదామో కాపురమో. రోడ్డు వెడల్పు కోసం ముందువైపు ఆరడుగులు కొట్టేస్తే ఆ కొట్టు కాస్త చిన్నదై ఊరుకోదు. గల్లాపెట్టె చోటు పోతుంది, పైకెక్కే మెట్లు పోతాయి. పటం మీద మాత్రం అది గీత కొంచెం జరగడమే. నగర నడిబొడ్డు పునరుద్ధరణ ప్రణాళికను సవరించేటప్పుడు ఆ కొత్త గీతకయ్యే ఖర్చెంత, దాన్ని ఎవరు, ఎన్నేళ్లలో తీరుస్తారన్నది అదే పత్రంలో ఉండాలన్నది నా వాదన.

మన దగ్గర ముందు పథకం సొమ్ము వస్తుంది, ప్రణాళిక దాని వెనక నడుస్తుంది. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెనను, పుష్కర ఘాట్‌ను తీర్చిదిద్దే అఖండ గోదావరి పథకానికి రూ.94.44 కోట్లు మంజూరై, 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. మూలధన వ్యయం కోసం రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే 50 ఏళ్ల వడ్డీలేని రుణమది. వంతెనకు మళ్లీ కళ రావడం ఈ ఊరివాళ్లందరికీ సంతోషమే. అయితే పర్యాటక పద్దు కింద వచ్చిన సొమ్మును ఘాట్‌కు చేరే సందులకో, నల్లా ఛానల్ గుండా గోదావరిలో కలిసే మురుగుకో మళ్లించడం కుదరదు. 2015 జూలై 14న ఇదే ఘాట్‌లో తొక్కిసలాట పాతికమందికి పైగా ప్రాణాలు తీసింది. 2027 పుష్కరాలకు జనం మళ్లీ అక్కడికే వస్తారు కనుక, ఘాట్ అందానికన్నా ఘాట్‌కు వెళ్లే, తిరిగొచ్చే దారులే నాకు ముఖ్యంగా తోస్తాయి.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర చట్టం ఈ విషయంలో గమనించదగ్గది. అక్కడ పునరుద్ధరణ ప్రాంతంలో ప్రణాళిక మొదలైన నాటి ఆస్తుల విలువను ప్రాతిపదికగా ఉంచి, ఆపైన పెరిగే విలువ మీద వచ్చే పన్నుతో అప్పు తీరుస్తారు. ఎంత వరకు అప్పు చేయవచ్చో ప్రణాళికలోనే రాయాలి. ఆ పరిమితిని పెంచినా, ప్రాంతం హద్దును 1 శాతానికి మించి విస్తరించినా అది ముఖ్యమైన సవరణ అవుతుంది. నగర మండలి మళ్లీ చర్చించి ఆమోదించాల్సిందే. ఆ పన్ను పద్ధతి మనకు యథాతథంగా నప్పదు, మన ఆస్తిపన్ను అంత బరువు మోయలేదు. అప్పు పరిమితిని ముందే రాసిపెట్టే క్రమశిక్షణ మాత్రం మనకూ సాధ్యమే.

మన దగ్గర రోడ్డుకు పోయిన స్థలానికి నగదు బదులు టీడీఆర్ బాండ్లు, అంటే వేరేచోట అదనంగా కట్టుకునేందుకు వాడుకోగల లేదా అమ్ముకోగల హక్కు పత్రాలు, ఇస్తున్నారు. ఖజానాకు ఇది తేలికే. తణుకులో ఈ బాండ్ల జారీపై వచ్చిన ఆరోపణలు, విచారణలు చూశాక, ఏ స్థలానికి ఏ విలువ కట్టారో బహిరంగంగా ప్రకటించకుండా కొత్త బాండ్లు ఇవ్వడం తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. పైగా బాండు దక్కేది స్థల యజమానికి. ఎన్నో ఏళ్లుగా అద్దె కడుతూ, అడ్వాన్సు, గుడ్‌విల్ పోసి అదే కొట్టులో బతికిన వ్యాపారికి ఆ కాగితంలో చోటే లేదు. కొట్టు మూతపడిన నెలల్లో గుమస్తా జీతం ఎవరిస్తారని కూడా అడగాలి.

ఈ మాటలు అడగాల్సిన చోటే ఖాళీగా ఉండిపోయింది. రాజ్యాంగంలోని 243డబ్ల్యూ అధికరణ పట్టణ ప్రణాళికను పురపాలక సంస్థల పరిధిలో ఉంచదగిన పనిగా చూపింది. అయినా 2019లో పాలకవర్గం గడువు ముగిశాక, 2021లో రాష్ట్రంలోని చాలా పట్టణాల్లో ఎన్నికలు జరిగినప్పుడు కూడా రాజమహేంద్రవరంలో పోలింగ్ జరగలేదు. వార్డు సభ్యుడే లేనప్పుడు కొట్టు యజమానైనా అద్దెదారైనా తన అభ్యంతరాన్ని కాగితం మీద రాసి ఆఫీసులో ఇచ్చి రావడం తప్ప చేయగలిగింది లేదు. ఎన్నికైన పాలకవర్గం లేనంతకాలం సవరణ ముసాయిదాను వార్డుల వారీగా సభలు పెట్టి చదివి వినిపించాలి. దాని పక్కనే ఖర్చు, అప్పు గరిష్ఠ పరిమితి, పదేళ్ల నిర్వహణ వ్యయం, ఖాళీ చేయాల్సిన కొట్ల అద్దెదారుల జాబితా అంటించాలి. పుష్కరాల గడువు దగ్గరపడిందన్న కారణంతో ఆ సభలను వదిలేయకూడదు.