మెకంజీ దొరకు ప్రొఫార్మా లేకపోవడం వల్ల కలిగిన అనర్థాలు

తెలుగు నేల మీద ఉన్న తాళపత్రాలు, శాసనాలు, శిల్పాలు, పాత కాగితాల గురించి మొదట వాకబు చేసినవాడు ఎవరని అడిగితే, చదువుకున్నవాళ్ళు తడుముకోకుండా కల్నల్ కాలిన్ మెకంజీ పేరు చెబుతారు. ఆయనకు దండలు వేయడంలో నాకు అభ్యంతరం ఏమీ లేదు. కానీ గ్రంథాలయాలలోనూ మ్యూజియంలలోనూ ఈమధ్య సాగుతున్న సర్వేల తీరు గమనించిన తర్వాత, దొరవారి పనిలో జరిగిన అవకతవకలను ఇన్నేళ్ళుగా ఒక్కరూ ఎత్తిచూపకపోవడం పాలనాపరంగా చాలా పెద్ద లోపమని నాకు తోచింది.

అసలు ఆయన ఉద్యోగం భూమిని కొలవడం. 1815లో ఆయన్ను భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమించింది కూడా అందుకే. గొలుసు పట్టుకుని నేల కొలుచుకోవలసిన మనిషి అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అనే అన్నదమ్ములను వెంటబెట్టుకుని, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, అగ్రహారం ఎవరికి ఎందుకు ఇచ్చారు అని ఊరూరా అడిగించాడు. కరణాలు చెప్పింది చెప్పినట్టు రాయించాడు. అక్షరాల పరిమితి లేదు, అవును కాదు అనే గడులు లేవు, గడువు తేదీ అంతకన్నా లేదు. పర్యవసానంగా, ఈనాటికీ ఎవరైనా తమ ఊరి చరిత్ర రాయాలంటే కైఫియతులు అనే ఆ రాతలను కూర్చుని చదవవలసి వస్తోంది. చదివితే తప్ప ప్రయోజనం లేని సర్వేను సర్వే అని ఎలా అనగలం?

అమరావతిలో ఆయన చేసింది మరీ విడ్డూరం. 1797లో ఒకసారి వచ్చి స్తూపాన్ని చూసిపోయాడు. అక్కడితో ఊరుకోక దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి, పనివాళ్ళను కూర్చోబెట్టి ఒక్కొక్క ఫలకం బొమ్మనూ కొలతలతో సహా గీయించాడు. “శిల్పాలు: ఉన్నవి. స్థితి: సాధారణం” అని రాసుకుంటే ఒక పూటలో తేలిపోయే పనికి అంత కాలం వృథా చేశాడు. ఆ తర్వాత ఆ రాళ్ళలో ఎన్నో సున్నం బట్టీల పాలయ్యాయి కాబట్టి, ఇప్పుడు వాటి ఆనవాలు కావాలంటే ఆ బొమ్మలే దిక్కు అని కొందరు వాదిస్తారు. అది ఫలితాన్ని చూసి పద్ధతిని సమర్థించడమే తప్ప నిబంధనల ప్రకారం చెల్లే వాదన కాదు.

మనం ఈ లోపాలను చాలావరకు సరిదిద్దుకున్నాం. రాతప్రతుల కోసం 2003లో ఒక జాతీయ మిషన్ వచ్చింది. 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో మరో మిషన్ ప్రకటించి, కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి, నమోదు చేసి, పరిరక్షిస్తామన్నారు. మెకంజీకి ఎన్ని దొరుకుతాయో తెలియకుండానే బయలుదేరవలసి వచ్చింది. మనకు అంకె ముందే తెలుసు, ఇక వెతకడమే మిగిలింది. ఢిల్లీలో ఇలా సంకల్పం చెప్పుకున్న ప్రతిసారీ అది రాజధానులూ జిల్లా కేంద్రాలూ దాటి, చివరకు ఏదో ఒక శాఖా గ్రంథాలయంలో ఇన్‌చార్జి బల్ల మీద ప్రొఫార్మాగా అవతరిస్తుంది.

అలాంటి ఒక బల్ల దగ్గర కొంతసేపు కూర్చునే భాగ్యం నాకు కలిగింది. ఇన్‌చార్జిగా ఉన్న పెద్దావిడకు ఆ గ్రంథాలయమే కాక మరో రెండు ఊళ్ళ గ్రంథాలయాలు కూడా అప్పగించారు. సర్వేకు వచ్చిన కుర్రవాడు వినయం కలవాడు, అతని ట్యాబ్‌లో చార్జింగ్ తక్కువ. బీరువా తెరిపిస్తే, అడుగు అరలో ఎర్రగుడ్డ చుట్టిన తాళపత్రాల కట్ట ఒకటి బయటపడింది. గుడ్డ విప్పగానే ఎండిన వేపాకు పొడిగా రాలింది. చెక్కపలకల మధ్య ఆకులు, వాటి చిల్లుల గుండా నూలుదారం. మొదటి ఆకులు వైద్యమట, మధ్యవి ఏదో శతకమట, చివరివి అప్పుపత్రుల నకళ్ళట. ఇదంతా ఎప్పుడో ఒక పంతులుగారు చూసి చెబితే ఆవిడ జ్ఞాపకం పెట్టుకున్న మాట.

“అమ్మా, దీన్ని ఒకటి అని వేయమంటారా, మూడు అని వేయమంటారా?” అని కుర్రవాడు అడిగాడు.

“పోయినసారి వచ్చినాయన ఒకటే వేసుకున్నాడు బాబూ. అంతకుముందు వచ్చినాయన బీరువాతో కలిపి ఫర్నిచర్ కింద రాసుకున్నాడు.”

కుర్రవాడు ఫోన్‌లో పైవాళ్ళను అడిగాడు. “కట్టకు ఒకటి” అని జవాబు వచ్చింది. ఆ క్షణంలోనే నాకు మన పద్ధతిలోని అసలు గొప్పతనం బోధపడింది. లెక్క కట్టకు ఒకటి చొప్పున అయినప్పుడు, దారం తెగి ఆ కట్ట మూడు ముక్కలైతే వారసత్వ సంపద మూడింతలవుతుంది. దారం పూర్తిగా జీర్ణించి ఆకులన్నీ చెదిరిపోతే ఒక్క మండలంలోనే వందల సంఖ్యలో కొత్త ప్రతులు నమోదవుతాయి. ఆకులకు నిమ్మగడ్డి నూనె పట్టించి, మసి పూసి, దారం మార్చి కాపాడుకుంటూ వచ్చిన పాతకాలపువాళ్ళు ఈ అంకె పెరగకుండా ఎంత అడ్డుపడ్డారో ఆలోచించండి. కోటి లక్ష్యం చేరుకోలేమని దిగులు పడేవాళ్ళకు చెదపురుగుల సహకారం ఎలాగూ ఉంది.

ప్రొఫార్మాలో మిగతా గడులు కూడా మెచ్చుకోదగ్గవే. “పాఠకుల సంఖ్య” అన్నచోట ఆ రోజు హాలులో ఉన్న అందరినీ లెక్క వేశారు. వాళ్ళంతా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షకు చదువుకుంటున్న పిల్లలు. పుస్తకాలు సొంతవి, నీళ్ళ సీసాలు సొంతవి, గ్రంథాలయానివి ఫ్యానూ కుర్చీలూ మాత్రమే. “ఆ లిపి చదవగలవారు ఉన్నారా” అనే గడి లేదు. దాన్ని చేరిస్తే జవాబు రాయవలసి వస్తుంది కనుక ఆ జాగ్రత్త అవసరమే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్ వసూలవుతుందని అందరికీ తెలుసు. వసూలైన పైసలు పంచాయతీ, మునిసిపాలిటీ గడప దాటి గ్రంథాలయ సంస్థకు ఎప్పుడు చేరతాయన్న గడి కూడా లేదు. సర్వే సాంస్కృతిక వారసత్వం గురించి కాబట్టి డబ్బు ప్రస్తావన అందులో ఎబ్బెట్టుగా ఉంటుంది.

“భవనం: సొంతమా, అద్దెయా” అన్న గడి దగ్గర మాత్రం నాకు 1935 నాటి పడవ గ్రంథాలయం మనసులో మెదిలింది. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని తిరిగిన ఆ గ్రంథాలయం సొంతమూ కాదు, అద్దే కాదు, ఒకచోట నిలిచేదీ కాదు. ఈనాటి సర్వే అప్పుడే ఉండి ఉంటే దాన్ని అనర్హమని తేల్చేది. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం పాత పత్రికలను ఏళ్ళ తరబడి దాచిపెట్టుకుంది. దాచమని ఎవరూ సర్క్యులర్ పంపినట్టు దాఖలా లేదు. ఇలాంటి అనధికారిక చర్యల వల్లే పరిశోధకులు జిల్లా కేంద్రాన్ని వదిలి చిన్న ఊళ్ళకు పరుగెత్తే దురలవాటుకు లోనయ్యారు.

కడపలో బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులకు డబ్బిచ్చి, ఒకే కావ్యానికి పది ప్రతులు తెప్పించి పోల్చి చూపించుకున్న సి.పి. బ్రౌన్ గురించి చెప్పనే అక్కరలేదు. పది ప్రతులు ఉన్నప్పుడు పదీ లెక్కలో చూపించి ఊరుకోక, వాటి నుంచి ఒక్క శుద్ధప్రతిని తయారు చేయించాడు. మన భాషలో దీన్ని స్టాకు తగ్గించడం అంటారు.

మెకంజీ 1821లో పోయాక, ఆయన పోగు చేసినదాన్ని ఈస్టిండియా కంపెనీ లక్ష రూపాయలకు కొని కలకత్తా, లండన్, మద్రాసులకు పంచిపెట్టింది. ఆ పని కొనసాగిస్తానని, దానిలో తలపండిన కావలి లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. ఒక స్థానికుడి వల్ల అంతటి పని కాదని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తేల్చింది. ఆ వివక్ష ఇప్పుడు లేదని సగర్వంగా చెప్పుకోవాలి. లక్ష్మయ్య ఈరోజు వస్తే స్థానికుడన్న కారణంతో ఎవరూ తిప్పి పంపరు. కాకపోతే కంప్యూటర్ సర్టిఫికెట్ చూపించాలి, వయసు సడలింపు వర్తిస్తుందో లేదో సరిచూసుకోవాలి, పోస్టు అవుట్‌సోర్సింగ్‌లో ఉంటుంది కాబట్టి ఏజెన్సీ ద్వారానే రావాలి. తెలుగు, సంస్కృతం, కన్నడం చదవగలనని ఆయన పట్టుబడితే, దరఖాస్తులో “ఇతర అర్హతలు” అనే గీత ఒకటి ఉంది. అందులో పట్టినంతవరకు రాసుకోవచ్చు.