జూడోలో నిషేధం మెడ విరుపుకే, గొంతు బిగింపుకు కాదు

“జూడో పోటీల్లో మెడ జోలికి వెళ్లనివ్వరు. గొంతు బిగించినా, మెడ మెలిపెట్టినా ఒకటే కాబట్టి రెండూ తీసేశారు. ఇప్పుడది ఎత్తి పడేసే ఆట మాత్రమే.” ఈ మాట చేతులు మారుతూనే ఉంది. ఇందులో నిజం ఒక్కటే: మెడ మెలిపెట్టడం నిషేధం. మిగతాదంతా తప్పు.

గొంతు బిగింపు తీసేశారన్నది మొదటి వాదన. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల 60 కిలోల క్వార్టర్ ఫైనల్ చూడండి. స్పెయిన్‌కు చెందిన ఫ్రాన్సిస్కో గర్రిగోస్ నేల మీద జపాన్ ఆటగాడు ర్యుజు నగయామా గొంతు బిగించాడు. రిఫరీ ‘మాటే’ అని ఆపమన్నాక కూడా పట్టు కొన్ని క్షణాలు సడలలేదు. నగయామా స్పృహ తప్పాడు, గర్రిగోస్‌కు ఇప్పాన్, అంటే ఆటను అక్కడికక్కడే ముగించే పూర్తి విజయం దక్కింది. పెద్ద దుమారమే రేగింది. అయితే అది ఆపమన్నాక వదలకపోవడం గురించే. గొంతు బిగింపు చెల్లుతుందా అన్నది అక్కడ ప్రశ్నే కాలేదు.

ఈ అపోహకు మూలం నాకు తెలిసి రెండు వేరే నిబంధనలు. 2010లో మొదలై 2013 నాటికి, నిలబడి కాళ్లు పట్టుకుని పడేయడాన్ని పూర్తిగా ఆపేశారు. నిలబడి ఉండగా గొంతు బిగిస్తే షిడో, అంటే హెచ్చరిక. నేల మీద మాత్రం బిగింపు ఎప్పటిలాగే చెల్లుతుంది.

“రెండూ ఒకటే” అనడం అన్నిటికన్నా ప్రమాదకరం. కాలరుతో గొంతు బిగించే ఒకురి-ఎరి-జిమే పట్టులో, వెనక నుంచి ప్రత్యర్థి కాలరును లోతుగా పట్టి లాగితే, దాని అంచు దవడ కింద మెడ పక్కన ఒత్తుతుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు నొక్కుకుపోతాయి. పట్టు సరిగ్గా కుదిరితే కొన్ని క్షణాల్లోనే స్పృహ తప్పుతుంది. వెంటనే వదిలితే సాధారణంగా అంతే త్వరగా తిరిగొస్తుంది. ఈలోపు రెండుసార్లు తట్టి ఓటమి ఒప్పుకునే వీలుంటుంది. మెడ విరుపులో బలమంతా వెన్నుపూసల మీద, వాటిని పట్టి ఉంచే స్నాయువుల మీద పడుతుంది. చెయ్యి తట్టేలోపే గాయం కావచ్చు, వెన్నుపాము దెబ్బతింటే అది జీవితాంతం ఉండిపోవచ్చు. ఈ తేడా తెలియనివాడు సాధనలో తోటివాడి మెడ పట్టుకోవడం నాకు భయం.

ఒలింపిక్స్ కోసం ఆటను మెత్తబరిచారనీ అంటున్నారు. మెడ కీళ్ల పట్లను 1916లోనే నిషేధించారు. 1925లో మోచేయి తప్ప మరే కీలు మీదా పట్టు వేయకూడదన్నారు. జూడో ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1964లో.

మెడ మెలిపెడితే మహా అయితే షిడో అన్నదీ నిజం కాదు. మెడకు గానీ వెన్నుకు గానీ ప్రమాదం తెచ్చే ఏ చర్యకైనా నేరుగా హన్సోకు-మాకే, అంటే పోటీ నుంచి వేటు. గొంతు బిగించే నెపంతో తల విరిచినా అంతే.

బిగింపు చెల్లుతుందంటే ఎలాగైనా బిగించవచ్చని కాదు. బెల్టుతో బిగించకూడదు, వేళ్లతో మాత్రమే నొక్కకూడదు. కాళ్లతో బిగించే సంకాకు-జిమేలో మెడతోపాటు ప్రత్యర్థి చెయ్యి కూడా కాళ్ల మధ్య ఉండాలి. ఒక్క మెడను కాళ్ల మధ్య ఇరికించడం కుదరదు.

పిల్లల సంగతి గాలికి వదిలేశారన్న ఆరోపణకూ ఆధారం లేదు. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, 18 ఏళ్ల లోపు క్యాడెట్ విభాగంలో బిగింపు వల్ల స్పృహ తప్పిన ఆటగాడిని ఆ పోటీలో ఇక కొనసాగనివ్వరు.