పిల్లల ఆటస్థలం ఖరీదు 14 శాతం

వేసవి సెలవుల్లో ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ఫిర్యాదు. "వీడు సోఫాలోంచి లేవడండీ, ఎప్పుడు చూసినా ఫోనే." ఆ తర్వాత పిల్లల డాక్టరు చెప్పిన మాటలు వస్తాయి: బరువు తగ్గాలి, కళ్లద్దాల పవర్ పెరిగింది. చివరికి తప్పెవరిదో తేల్చే పంచాయితీ. పిల్లాడిదైనా కావాలి, వాడి చేతికి ఫోన్ ఇచ్చిన తల్లిదైనా కావాలి. ఈ తీర్పును నేను ఒప్పుకోను. ఆ ఇంటి గేటు తీసి బయట నిలబడి చూడండి. పదేళ్ల పిల్లాడు పరుగెత్తడానికి జాగా ఎక్కడుంది?

హైదరాబాద్‌లో మా కాలనీ రోడ్డు వెడల్పు 30 అడుగులు. కారు ఒక్కోటి దాదాపు ఆరడుగులు. రెండు వైపులా నిలిపితే 12 అడుగులు పోయాయి. ఇళ్ల ముందు ర్యాంపులు, మెట్లు ఇంకొంత తిన్నాయి. మిగిలిన సందులో డెలివరీ బైకులు, వాటర్ ట్యాంకర్లు, స్కూల్ వ్యాన్లు. బంతి ఎవరి కారుకైనా తగిలిందంటే సాయంత్రం ఆట అక్కడితో ఆఖరు. అపార్ట్‌మెంట్ పిల్లలది ఇంకా అన్యాయం. వాళ్లకున్నది కింద పార్కింగ్ ఒక్కటే. అక్కడ స్తంభాల మధ్య దొంగా పోలీస్ ఆడుకుంటుంటే, గీత పడుతుందని వాచ్‌మన్ తరుముతాడు. అతణ్ని తిట్టి లాభం లేదు, తరమమని చెప్పింది మనమే.

లెక్కలు కొత్తవేం కావు. పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటికి 11 నుంచి 17 ఏళ్ల వాళ్లలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని అదే సంస్థ తేల్చింది. మన దేశంలో 2016-18 మధ్య జరిగిన జాతీయ పోషకాహార సర్వే ప్రకారం, కౌమారంలో ఉన్న ప్రతి పదిమందిలో దాదాపు ఒకరు మధుమేహం అంచున ఉన్నారు. తిండి సంగతి అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. ఎవరూ మాట్లాడనిది వీధి గురించి.

పిల్లల ఆట టైమ్‌టేబుల్‌తో నడిచేది కాదు. హోంవర్క్ అయ్యాక అరగంట దొరుకుతుంది. పక్కింటి పిల్లాడు గేటు దగ్గర నిలబడి పిలుస్తాడు, వీడు చెప్పులేసుకుని పరుగెడతాడు. ఈ అరగంట దక్కాలంటే ఆడుకునే చోటు పిలుపు వినిపించేంత దగ్గరలో ఉండాలి. రెండు మెయిన్ రోడ్లు దాటి పార్కుకు వెళ్లాలంటే పెద్దవాళ్లు తోడు రావాలి, పెద్దవాళ్లకు తీరిక ఉండదు. అంతే, ఆ రోజు ఆట లేనట్టే.

మన ప్రభుత్వాలకు ఈ చిన్న సంగతి ఎక్కడం లేదు. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది, పైన సోలార్ కప్పుతో. చూడ్డానికి బాగుంటుంది. కానీ మల్కాజిగిరిలోనో కుత్బుల్లాపూర్‌లోనో ఉండే ఎనిమిదేళ్ల పాప అక్కడికి సైకిల్ మీద వెళ్లగలదా? కారులో సైకిల్ పెట్టుకుని నాన్న తీసుకెళ్లాలి. పల్లెల్లోనూ ఇదే తప్పు జరిగింది. 2022 జూన్‌లో తెలంగాణలో ఊరూరా క్రీడా ప్రాంగణాలన్నారు. ఆలోచన మంచిదే. పలుచోట్ల ఊరికి దూరంగా ఎక్కడ జాగా దొరికితే అక్కడ బోర్డు పాతి, రెండు ఇనుప బార్లు బిగించి వదిలేశారు. పిల్లలు వెళ్లరు, పిచ్చిమొక్కలు మొలుస్తాయి. ఆట పిల్లల దగ్గరికి రావాలి గానీ పిల్లలను ఆట దగ్గరికి బస్సెక్కించి పంపే పని అయ్యేది కాదు.

"మా వాణ్ని బ్యాడ్మింటన్ కోచింగ్‌లో వేశాం కదా" అనేవాళ్లకు ఒక విషయం చెప్పాలి. చైనాలోని గ్వాంగ్జౌలో మూడేళ్ల పాటు ఒక పరిశోధన జరిగింది, ఫలితాలు 2015లో వచ్చాయి. కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు, కొన్ని బడుల్లో ఉంచలేదు. మూడేళ్లయ్యాక చూస్తే, మామూలుగా నడిచిన బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా దూరపు చూపు మందగించింది. బయట గడిపిన పిల్లల్లో అది 30.4 శాతమే. పగటి వెలుతురు కంటి లోపలి పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలకు తోడ్పడుతుందని, దానివల్ల కనుగుడ్డు మరీ పొడవుగా సాగదని నిపుణుల అంచనా. ట్యూబ్‌లైట్ల కింద ఆడే ఇండోర్ కోర్టు ఆ వెలుతురు ఇవ్వదు. ఇంటి ముందు ఏడుపెంకులాట ఆడిన పిల్లకు ఫీజు కట్టకుండా దక్కింది అదే. పరుగు, ఎండ, నలుగురితో తగువు, మళ్లీ రాజీ, అన్నీ ఒకేచోట దొరికేవి.

వీధి పోవడం వల్ల ఎక్కువగా నష్టపోయింది ఆడపిల్లలు. చాలినంత కదలని ఆ 81 శాతాన్ని విడదీస్తే అబ్బాయిల్లో 78 శాతం, అమ్మాయిల్లో 85 శాతం. అబ్బాయి ఎలాగోలా నాలుగు కాలనీల అవతల ఖాళీ ప్లాటు వెతుక్కుంటాడు. ఆడపిల్లను ఇంటి కనుచూపు దాటనివ్వరు. కనుచూపు మేరలో జాగా లేకపోతే ఆమెకు తొక్కుడుబిళ్ల కూడా లేదు. పన్నెండేళ్లు రాగానే "పెద్దపిల్లవయ్యావు, రోడ్డు మీద ఆటలేంటి" అనే మాట ఎలాగూ వస్తుంది. దానికి ముందున్న నాలుగైదేళ్లు కూడా మనం లాగేసుకున్నాం.

వీధి ఇలా ఎందుకైంది అంటే కార్లు పెరిగాయి, జనాభా పెరిగింది అంటారు. అది సగమే నిజం. మిగతా సగం మన లేఅవుట్ కాగితాల్లో ఉంది. లేఅవుట్ వేస్తే పదోవంతు స్థలం ఖాళీగా వదలాలన్నది నియమం. వదలకుండా, అనుమతి లేకుండా ప్లాట్లు అమ్మేస్తే? ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం ఉంది. తెలంగాణలో 2020 నాటి నిబంధనల ప్రకారం, ఆ పదిశాతం జాగా లేని లేఅవుట్‌లో క్రమబద్ధీకరణ చార్జీతో పాటు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కింద కడితే సరి, ప్లాటు క్రమబద్ధమవుతుంది. సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. 2025లో రాయితీ ఇచ్చి మరీ కట్టమన్నారు. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లోనూ విడతలవారీగా వస్తూనే ఉంది.

ఒక్కసారి ఆలోచించండి. పిల్లలు ఆడుకోవాల్సిన నేలను వెంచర్ వేసినవాడు ప్లాట్లు చేసి అమ్ముకుని వెళ్లిపోయాడు. ఆ నేలకు బదులు ప్రభుత్వం డబ్బు తీసుకుని రసీదు ఇచ్చింది. కొన్నవాళ్లు మధ్యతరగతి, పైసా పైసా కూడబెట్టినవాళ్లు. వాళ్లు చార్జీ కట్టి ఊపిరి పీల్చుకున్నారు. ఈ లావాదేవీలో సంతకం పెట్టనిది, నష్టపోయింది పిల్లలే. ఆ చార్జీ కట్టిన కాలనీలో ఆ డబ్బుతో ఒక్క గజమైనా కొని మైదానం చేశారా? ఏ మున్సిపాలిటీ అయినా వార్డులవారీగా ఆ లెక్క నోటీసు బోర్డులో పెడితే చూడాలని ఉంది.

వీధిలోకి పంపడం ప్రమాదమని, ఈ రోజుల్లో పిల్లలు లోపల ఉంటేనే క్షేమమని కొందరు వాదిస్తారు. వాళ్ల భయాన్ని తీసిపారేయను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబును చంపిన దృశ్యం చూసిన తల్లిదండ్రులు గేటుకు తాళం వేయకుండా ఎలా ఉంటారు? కానీ భయం ఉందంటే వీధిని బాగుచేయాలి. నెదర్లాండ్స్‌లో 1971లో ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో నాలుగు వందల మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడి తల్లిదండ్రులు పిల్లలను లోపల దాచలేదు. "పిల్లల హత్యలు ఆపండి" అంటూ రోడ్డెక్కారు. ఈరోజు ఆ దేశంలో పిల్లలు సైకిళ్ల మీద బడికి వెళ్తున్నారంటే దాని వెనక ఆ పోరాటం కూడా ఉంది.

నాకు దీని మూలం ఇంకా లోతుగా కనిపిస్తుంది. మన దగ్గర నేల గురించి మాట్లాడే మాట ఒక్కటే మిగిలింది: గజం ఎంత? చెరువు శిఖమైనా, వాగు పక్కదైనా, బడి మైదానమైనా, ముందు రేటు, తర్వాతే మిగతావన్నీ. పార్కు అని ప్లానులో రాసి ఉన్న జాగాలకు ప్లాటు నంబర్లు వేసి అమ్మిన ఉదంతాలు ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఎన్ని బయటపడ్డాయో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. బడి పెట్టేవాడు కూడా అపార్ట్‌మెంట్ లాంటి భవనం తీసుకుని ఐదంతస్తులూ తరగతులు పెడతాడు, ఎందుకంటే మైదానం ఫీజు తేదు. విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని షెడ్యూల్‌లో రాసింది. కేరళ హైకోర్టు 2024 ఏప్రిల్‌లో ఇంకో అడుగు వేసింది. తగిన ఆటస్థలం లేని బడులను మూసేయడానికైనా వెనకాడొద్దని ప్రభుత్వానికి చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటి తీర్పు వస్తే ఎన్ని బడుల బోర్డులు మిగులుతాయి? ఊళ్లో పిల్లలు కర్రాబిళ్ల ఆడిన జాగా కూడా ఎవరిదో ఒకరి పొలమే, పంట లేనప్పుడు ఎవరూ కాదనలేదు. ఇప్పుడు ఖాళీ ప్లాటు చుట్టూ ముందు ప్రహరీ లేస్తుంది.

చేయగలిగినవి పెద్ద ఖర్చువి కావు. ఆదివారం సాయంత్రం రెండు గంటలు కాలనీలో ఒక వీధికి రెండు వైపులా డ్రమ్ములు అడ్డం పెడితే చాలు, వంద అడుగుల మైదానం తయారు. వినాయక చవితికి తొమ్మిది రోజులు మూయగలిగిన వీధిని పిల్లల కోసం రెండు గంటలు మూయలేమా? పార్కుల్లో నడక ట్రాక్ మధ్యలోని లాన్‌లో "ఆటలు ఆడరాదు" అనే బోర్డు తీసేయాలి. అన్నిటికంటే ముందు ప్రభుత్వ బడుల మైదానాల తాళాలు తీయాలి. పాత కాలనీల్లో మిగిలిన పెద్ద ఖాళీ జాగా చాలాచోట్ల అదొక్కటే, అదీ బడి వదిలేయగానే మూతపడుతుంది. ఒక వాచ్‌మన్‌ను పెట్టి రాత్రి ఏడింటి దాకా తెరిచి ఉంచమని అడుగుతున్నాను.

మా కాలనీ వెనక అలాంటి బడి ఒకటుంది. ప్రహరీకి ఒకచోట ఇటుకలు ఊడి మెట్టులా తయారైంది. ఆదివారాలు పిల్లలు బ్యాటు లోపలికి విసిరి, అక్కడి నుంచే ఎక్కి దూకేవాళ్లు. పోయిన నెల ఆ ఇటుకలు సర్ది, సిమెంటు పూసి, గోడ పొడవునా గాజు పెంకులు గుచ్చారు.