సవరణ: జావో ఇంటిపేరు ముందెందుకుంది?

చైనా ఇంటిపేర్ల పోస్టులో, జావో వాళ్లు ఎక్కువమంది కాబట్టే ‘నూరు ఇంటిపేర్లు’ అనే పాత పిల్లల వాచకం ఆ పేరుతో మొదలవుతుందని ఉంది. అది సరికాదు. జనాభాలో ముందున్నది వాంగ్, లీ, జాంగ్ ఇంటిపేర్లవాళ్లు.

వాచకం సోంగ్ వంశం తొలి రోజులది. 960లో ఆ వంశాన్ని నిలబెట్టిన చక్రవర్తి జావో క్వాంగ్‌యిన్. మరి ఏలినవారి ఇంటిపేరు ముందుండక తప్పుతుందా! రెండోది చియెన్, హాంగ్‌జౌ నగరం నుంచి ఏలిన వూయ్వే రాజ్యపు రాజులది. పేరుకు నూరే గానీ, లోపల 400కు పైగా ఉన్నాయి.

జావో అనే పేరు పుట్టుక గురించి ఆ పోస్టులో రాసినదాంట్లో మార్పు లేదు. తిరుగుబాటు అణచడానికి జౌ వంశపు రాజు మూను రథం మీద హుటాహుటిన వెనక్కి చేర్చిన సారథికి జావో అనే ఊరు ఇనాంగా దక్కిందని, ఆ ఊరిపేరే వాళ్ల ఇంటిపేరైందని ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాసిన చరిత్ర చెబుతుంది. ఊరిపేరు ఇంటిపేరు కావడం మనకూ కొత్తేం కాదు. క్రీ.పూ. 403లో గుర్తింపు పొందిన జావో రాజ్యం వాళ్లదే.