సవరణ: రూల్స్‌కి పార్లమెంట్ ముందస్తు ఓకే అక్కర్లేదు
డేటా ప్రొటెక్షన్ చట్టం మీద మొన్న పెట్టిన పోస్టులో, కేంద్రం రాసే రూల్స్ పార్లమెంట్ ఓకే చేశాకే అమల్లోకి వస్తాయని రాశాను, అది తప్పు. 2023 చట్టంలోనే ఉంది: ముందు గెజిట్‌లో నోటిఫై చేస్తారు (2025 నవంబర్‌లో చేసింది అదే), ఆ తర్వాత రెండు సభల ముందు మొత్తం 30 రోజులు పెడతారు, మార్చాలన్నా రద్దు చేయాలన్నా రెండు సభలూ ఒప్పుకోవాలి, ఒక్క సభ వద్దంటే సరిపోదు, ఒకవేళ రద్దు చేసినా అప్పటిదాకా వాటి కింద జరిగిన పనులు చెల్లుతాయి. ఎవరూ కదపకపోతే రూల్స్ అలాగే నడిచిపోతాయి. మన దగ్గర చాలా చట్టాల్లో పద్ధతి ఇదే. నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే, బిల్లు మీద జరిగేపాటి చర్చ కూడా రూల్స్ మీద జరగదు, కానీ మన డేటాని ఎలా వాడతారో తేల్చేది చాలావరకు ఆ రూల్సే. రెండు సభల్లోనూ వీటిని చూడ్డానికి సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలున్నాయి, ఈ రూల్స్ గురించి మీ ఎంపీని అడిగేటప్పుడు ఆ కమిటీల గురించి కూడా అడగండి.